శరత్కాలపు ఆదివారం స్నేహితులతో కూర్చుని సమాచారాలు చెప్పుకోవడం ఎలా?

అనంతపురం వీధుల్లో తెలిసినవాళ్ళు ఇద్దరు ఎదురుపడితే మొదట వినబడేది "ఏమప్పా, బాగుండావా? ఏం సమాచారం?" అన్న పలకరింపే. దానికి వచ్చే జవాబు కూడా దాదాపు ఒక్కటే: "ఏముంది, అంతా మామూలే." ఈ జవాబులో అబద్ధం లేదు, కానీ సమాచారం కూడా లేదు. నిలబడి, బండి ఆపకుండా, ఒక కాలు నేల మీద ఆనించి మాట్లాడే మనిషి తన ఇంటి సంగతి ఏదీ చెప్పలేడు. చెప్పాలంటే కూర్చోవాలి, తొందర లేకుండా కూర్చోవాలి, వినేవాళ్ళకు కూడా తొందర లేదని అతనికి తెలియాలి. అలాంటి కూర్చోవడాన్ని ఏడాదికి ఒకటి రెండుసార్లయినా కుదుర్చుకోవాలనుకునేవారి కోసం, మా అనుభవంలో నిలిచిన పద్ధతిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మేము ఆరుగురం. అనంతపురంలో ఒకే చోట చదువుకున్నాం. ఇద్దరికి బెంగళూరులో ఉద్యోగం, ఒకరు ఉరవకొండ వైపు సేద్యం చేస్తారు, మిగిలిన ముగ్గురం ఊళ్ళోనే ఉన్నాం. కొన్నేళ్ళ క్రితం దసరా దాటిన ఒక ఆదివారం అందరం కలిశాం. మూడు గంటలసేపు ఎన్నికల గురించి వాదించుకున్నాం, నవ్వుకున్నాం, కడుపునిండా తిన్నాం, చాలా బాగా గడిచిందని అనుకుంటూ విడిపోయాం. సంక్రాంతికి ఆ సేద్యం చేసే మిత్రుని బావమరిది కనబడి చెప్పిన మాట ఏమిటంటే, ఆ ఏడు అతను వేయించిన రెండు బోర్లూ ఎండిపోయాయనీ, రెండోది ఏడు వందల అడుగులు దిగినా చుక్క పడలేదనీ, ఇంట్లో ఉన్న పాడి ఆవులను అమ్మేశాడనీ. ఆ ఆదివారం అతను వచ్చింది ఆ మాట చెప్పుకోవడానికేనట. మూడు గంటల్లో అతనికి మేము మూడు నిమిషాలు ఖాళీ ఇవ్వలేదు. ఆ తరువాత నుంచి మేము కలిసే తీరు మార్చుకున్నాం. కింద రాసినవన్నీ ఆ మార్పులోంచి వచ్చినవే.

రోజును ఎంచుకోవడం

ఆశ్వయుజ, కార్తీక మాసాలు శరదృతువు. మన జిల్లా పడమటి కనుమల వాననీడలో ఉండడం వల్ల నైరుతి వానలు అంతంత మాత్రం, తీరానికి దూరం కావడం వల్ల ఈశాన్యపు వానలూ అంతే. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడే చోట ఇది. అయినా అక్టోబరు నడిమి నుంచి నవంబరు చివరి దాకా ఇక్కడి గాలిలో ఒక మెత్తదనం ఉంటుంది. పగటి ఎండ 30 డిగ్రీల దగ్గర ఆగుతుంది, తెల్లవారుజామున దుప్పటి కావాలనిపిస్తుంది, ఫంకా లేకుండా ఆరుబయట కూర్చోగలిగే రోజులు ఇవే. వేసవిలో నలుగురిని పిలిస్తే మాటలన్నీ ఎండ మీదే పోతాయి. చలికాలం ముదిరితే పెద్దవాళ్ళు పొద్దు వాలగానే లేస్తారు. అందుచేత ఈ ఆరేడు వారాలనే ముందుగా పంచాంగంలో గుర్తు పెట్టుకోవాలి.

ఆ వారాల్లోనూ అన్నీ పనికిరావు. దీపావళి వారంలో ఎవరింట్లో వారికి పని ఉంటుంది. కార్తీక సోమవారాల ముందు రోజు రాత్రి ఉపవాసం ఏర్పాట్లలో ఉండే ఇళ్ళు ఉన్నాయి కాబట్టి, అలాంటి ఇంటివారిని ఆదివారం సాయంత్రం కాకుండా ఉదయమే పిలవడం మంచిది. పెళ్ళి ముహూర్తాలు ఉన్న ఆదివారాలను ఎంచుకుంటే సగంమంది తొమ్మిది గంటలకే భోజనాలకు వెళ్ళాలని గడియారం చూస్తారు. సేద్యం చేసే స్నేహితులు ఉంటే శనక్కాయ పీకే రోజులను వారినే అడిగి తెలుసుకోవాలి. జూన్, జూలై నెలల్లో విత్తిన కాయ అక్టోబరు, నవంబరుల్లో పీకుడుకు వస్తుంది. కూలీలు దొరికిన రోజే పీకాలి, వాన మబ్బు కనబడితే కుప్ప వేయాలి. ఆ పని మధ్యలో ఆదివారం, శనివారం అన్న భేదం ఉండదు. మేము ఇప్పుడు తేదీని సేద్యగానికే వదిలేస్తాం. అతను చెప్పిన రోజునే మిగిలిన అయిదుగురం సర్దుకుంటాం. ఉద్యోగికి ఏ ఆదివారమైనా ఒకటే, రైతుకు కాదు.

బెంగళూరు నుంచి వచ్చేవాళ్ళకు దారి 200 కిలోమీటర్లు దాటుతుంది, జాతీయ రహదారి 44 మీద నాలుగు గంటల ప్రయాణం. శనివారం రాత్రికి ఇల్లు చేరి, ఆదివారం మధ్యాహ్నం తరువాత తిరుగు బస్సు ఎక్కుతారు. కాబట్టి ఆదివారం ఉదయం ఏడున్నరకు మొదలుపెట్టి పదకొండుకు ముగించడం అందరికీ కుదురుతుంది. సాయంత్రమే కావాలనుకుంటే, వాళ్ళు శనివారం మధ్యాహ్నానికే చేరగలిగినప్పుడు, ఆ రోజు నాలుగున్నరకు కూర్చోవాలి. నవంబరు నడిమికి ఇక్కడ ఆరు కాకముందే పొద్దు కుంకుతుంది, చీకటి పడ్డాక ఆరుబయట ముఖాలు కనబడవు. ఎదుటివాని ముఖం కనబడని చోట మనసులోని మాట వినడం కష్టమని నా అభిప్రాయం.

ఇంకొక జాగ్రత్త. ఈ కాలం మెత్తగా ఉన్నా, వాయుగుండం పట్టిందంటే నమ్మకూడని కాలం కూడా ఇదే. 2009 అక్టోబరు మొదట్లో కర్నూలు నగరం మునిగింది, 2021 నవంబరులో కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, 2022 అక్టోబరులో అనంతపురంలోనే వంక పొంగి కాలనీల్లోకి నీళ్ళు వచ్చాయి. శుక్రవారమే వాతావరణ సూచన చూసుకోవాలి. చినుకు అయితే కప్పు ఉన్న వరండాకు మారవచ్చు, వాయుగుండం అయితే మరుసటి వారానికి వాయిదా వేయాలి. పల్లె నుంచి వంక దాటి రావలసిన వాళ్ళను మొహమాట పెట్టకూడదు.

పిలవడం

వాట్సాప్ గుంపులో ఒక సందేశం పెట్టి ఊరుకుంటే, వచ్చే అలవాటు ఉన్నవాళ్ళు మాత్రమే వస్తారు. ఏదైనా ఇబ్బందిలో ఉన్నవాడు ఆ సందేశానికి ఒక బొమ్మ పెట్టి మౌనంగా ఉండిపోతాడు. ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేయాలి. ఆ పనికి అరగంట పడుతుంది, అంతే. ఫోన్‌లో మాట సూటిగా ఉండాలి: "ఏమప్పా, వచ్చే ఆదివారం పొద్దున మా మిద్దె మీద కూర్చుందాం. ఉగ్గాని తిందాం, మాట్లాడుకుందాం. పదకొండుకల్లా వదిలేస్తాను." (ఉగ్గాని అంటే బొరుగులతో, అంటే మరమరాలతో, చేసే సీమ ఫలహారం.) ఎంతసేపో ముందే చెప్పడం ముఖ్యం. ఇంట్లో ముసలి తల్లిని విడిచి వచ్చేవాళ్ళకు, దుకాణం మూసి వచ్చేవాళ్ళకు ఆ ఒక్క మాట చాలా ఊరట.

"రాలేనులే" అన్నవారిని ఒకసారి కారణం అడగాలి, రెండవసారి అడగకూడదు. అయితే ఎప్పుడూ వచ్చే మనిషి ఈసారి తడబడుతూ కాదంటే, అక్కడ ఏదో ఉందని గ్రహించి, ఆదివారం కంటే ముందే ఒంటరిగా వెళ్ళి కలవడం మంచిది.

ఎంతమంది అన్నదానికి నా లెక్క అయిదు నుంచి ఏడు. నలుగురి కంటే తక్కువైతే ఎవరైనా ఇద్దరు రాకపోతే సమావేశం పలచబడుతుంది. ఎనిమిది దాటితే మాట రెండుగా చీలి, ఈ కొసన ఒకటి, ఆ కొసన ఒకటి నడుస్తాయి. చిన్న గొంతు ఉన్నవాళ్ళు రెండింటిలోనూ ఉండరు. కార్తీక వనభోజనాలకు వందమంది రావచ్చు, దాని సంతోషం దానిది, కానీ అక్కడ ఎవరి సంగతి ఎవరికీ తెలియదు. ఈ కలయికను దానితో కలపవద్దు.

చోటు

ఖరీదైన హోటల్ వద్దు. పక్క బల్ల వాళ్ళు వింటారన్న జంకు, బిల్లు ఎవరు కట్టాలన్న పెనుగులాట, ఖాళీ చేయమన్నట్టు చూసే సర్వర్ చూపు, ఈ మూడూ మాటను కత్తిరిస్తాయి. ఎవరింటి మిద్దె అయినా, వేపచెట్టు ఉన్న వాకిలి అయినా చాలు. ఉదయం కూర్చుంటే మిద్దెకు పడమటి గోడ నీడ ఉండదు, తూర్పున ఉన్న నీళ్ళ ట్యాంకు గానీ పక్క ఇల్లు గానీ తొమ్మిదింటి దాకా నీడ ఇస్తుంది. ఆ నీడ ఎక్కడిదాకా వస్తుందో ముందు రోజు అదే వేళకు చూసి జంపఖానా ఎక్కడ పరచాలో నిర్ణయించుకోండి. నేల మీద కూర్చోలేని మోకాళ్ళ నొప్పివాళ్ళకు కుర్చీ వేస్తే, అందరికీ కుర్చీలే వేయాలి. ఒకరు పైన, అయిదుగురు కింద కూర్చుంటే పైనున్న మనిషి ఉపన్యాసం ఇచ్చినట్టు అవుతుంది. కుర్చీలను వరుసగా కాక గుండ్రంగా వేయాలి, మధ్యలో తినే పళ్ళెం ఉండాలి.

బయటికి వెళ్ళాలనుకునేవారికి అనంతపురం దగ్గర మంచి చోట్లు ఉన్నాయి. విజయనగర రాజు మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు 14వ శతాబ్దంలో కట్టించిన బుక్కరాయసముద్రం చెరువు కట్ట పట్టణానికి కూతవేటు దూరంలోనే ఉంది. నీళ్ళు ఉన్న ఏడు ఆ కట్ట మీది గాలికి మించినది లేదు. ఉరవకొండ వైపు పెన్న అహోబిలం ఉంది. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కిన చెట్టు, దాని ఊడల కింద ఒక ఊరంతా కూర్చోవచ్చు. కానీ ఒక మాట. దూరం వెళితే సగం పూట ప్రయాణానికీ, ఫోటోలకూ, దర్శనానికీ పోతుంది. సమాచారాలు చెప్పుకోవడమే పని అయినప్పుడు మిద్దెనే మేలని మేము తేల్చుకున్నాం. చెరువు కట్ట దాకా అయితే వెళ్ళిరావచ్చు.

తినడానికి

ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఏం తింటాం అన్నదాన్ని బట్టి ఎలా మాట్లాడుకుంటాం అన్నది మారుతుంది. ఇస్తరిలో పదహారు రకాలు వడ్డిస్తే మాటలన్నీ వంట మీదకు వెళతాయి, ఇంటి ఆడవాళ్ళు పొయ్యి దగ్గర నుంచి కదలలేరు, వాళ్ళ సమాచారం ఎవరికీ వినబడదు. రెండే రెండు పదార్థాలు పెట్టుకోవాలి. వాటిని వచ్చినవాళ్ళే చేతులు కలిపి చేయాలి. ఉల్లిపాయలు తరిగే చేతులు ఆడవాళ్ళవే కావలసిన పని లేదు.

మొదటిది ఉగ్గాని. ఆరుగురికి మనిషికి రెండు దోసిళ్ళ లెక్కన బొరుగులు తీసుకోండి. పలచని బొరుగులు నీళ్ళలో వేయగానే పిప్పి అవుతాయి, కాబట్టి అంగడిలో ఒక గింజను కొరికి చూసి, దిట్టమైన నాటు బొరుగులనే కొనాలి. అరచేతి గిన్నెడు పుట్నాలు, చిన్న ఎండుకొబ్బరి ముక్క, నాలుగు వెల్లుల్లి రెబ్బలు కలిపి పొడి కొట్టి ముందు రోజే సిద్ధంగా ఉంచుకోవచ్చు. వెడల్పు బాణలిలో శనగనూనె కాగాక ఆవాలు, మినప్పప్పు, కరివేపాకు వేసి, సన్నగా తరిగిన మూడు ఉల్లిపాయలు మెత్తబడేదాకా వేయించి, దంచిన పచ్చిమిరపకాయలు, పసుపు, ఉప్పు వేయాలి. బొరుగులను నీళ్ళలో ముంచి, నిమిషం దాటకుండా తీసి, రెండు చేతులతో గట్టిగా పిండి, తాలింపులో వేసి కలపాలి. పొయ్యి ఆర్పిన తరువాతే పొడి చల్లాలి. మంట మీద చల్లితే ముద్దలు కడుతుంది. చివర నిమ్మరసం, కొత్తిమీర. ఉగ్గానికి జతగా మిరపకాయ బజ్జి లేకపోతే సీమలో ఎవరూ ఒప్పుకోరు, కాబట్టి కారం తక్కువ ఉన్న పొడుగు మిరపకాయలను నిలువుగా చీల్చి, వాము, ఉప్పు కలిపిన శనగపిండిలో ముంచి వేయించండి. వేడిగా తినేది కనుక ఒక్కొక్కరు వంతులవారీగా బాణలి దగ్గర నిలబడాలి. మా ఇంట్లో చాలా సమాచారాలు ఆ బాణలి దగ్గరే బయటపడ్డాయి.

రెండవది ఉడకబెట్టిన శనక్కాయలు. ఇది ఈ కాలానికే, ఈ నేలకే దక్కిన భాగ్యం. ఆరుగురికి కిలోన్నర పచ్చి కాయలు సరిపోతాయి. ఎర్రమట్టి పూర్తిగా పోయేదాకా మూడు నాలుగు నీళ్ళతో కడగాలి. బూజు పట్టినవీ, పెంకు మెత్తబడి లోపల నల్లబడినవీ ఏరి పారవేయాలి. ఆ బూజులో పుట్టే విషం ఉడికించినా పోదు. కుక్కర్‌లో కాయలు మునిగేలా నీళ్ళు పోసి, కూరకు వేసేదానికి రెండింతలు ఉప్పు వేసి, నాలుగైదు కూతలు రానివ్వాలి. ఆవిరి పోయాక వెంటనే వంపేయకుండా, అరగంట ఆ ఉప్పునీళ్ళలోనే ఉంచితే రుచి గింజలోకి దిగుతుంది. మూత లేని గిన్నెలో అయితే గంట దాకా పట్టవచ్చు. గింజను వేళ్ళ మధ్య నొక్కితే మెత్తగా నలిగితే ఉడికినట్టు. ఎండిన కాయలైతే ముందు రాత్రి నానబెట్టాలి.

ఈ శనక్కాయలను ఎందుకింతగా సిఫారసు చేస్తున్నానంటే, వాటిని ఒలిచే పనిలో చేతులు ఉంటాయి, చూపు కిందికి ఉంటుంది. కష్టమైన సంగతిని ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూస్తూ చెప్పడం చాలామందికి చేతకాదు. కాయ ఒలుస్తూ, పెంకును పక్కన వేస్తూ, ఆ పెంకునే చూస్తూ అయితే చెప్పగలరు. మా సేద్యపు మిత్రుడు తన బోర్ల కథను రెండేళ్ళ తరువాత చెప్పింది అలాగే.

దొరికితే సీతాఫలాలు కూడా తెప్పించండి. కళ్ళ మధ్య గీతలు విచ్చుకుని పసుపు తేలిన కాయ రెండు రోజుల్లో పండుతుంది, కాబట్టి శుక్రవారం కొంటే ఆదివారానికి సరిగ్గా ఉంటాయి. చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళ ముందు బలవంతం చేయకూడదు. వాళ్ళకు చీనీకాయ (బత్తాయి) తొనలు పెట్టవచ్చు, అవీ మితంగానే.

మాట మొదలుపెట్టడం

అందరూ రాగానే "చెప్పండి, ఏం సమాచారం?" అని గుంపును అడిగితే జవాబు రాదు. మొదటి అరగంట ఆ ఊరి సామాన్య విషయాలకు వదిలేయాలి. హంద్రీ-నీవా కాలువ నీళ్ళు ఈ ఏడు ఏ చెరువు దాకా వచ్చాయి, జీడిపల్లి జలాశయంలో నీళ్ళెంత, ఉల్లిగడ్డ ధర ఎందుకు పెరిగింది, ఫలానా వీధిలో పాత సినిమా హాలు పడగొట్టారట, ఇలాంటివి. వీటిని పనికిరాని మాటలు అనుకోవద్దు. గొంతులు కలవడానికి, ఎవరు ఈరోజు ఉత్సాహంగా ఉన్నారో, ఎవరు లేరో తెలియడానికి అవే దారి. ఎవరు ఒక్క మాటా కలపలేదో ఇంటివారు గమనిస్తూ ఉండాలి.

ఆ తరువాత ఒక్కొక్కరినీ వారి బతుకుకు సంబంధించిన చిన్న ప్రశ్న అడగాలి. ప్రశ్న ఎంత చిన్నదైతే జవాబు అంత పెద్దదిగా వస్తుంది. "పంట ఎట్లుంది?" అంటే "పరవాలేదు" అంటారు. "ఊడలు దిగే కాలంలో మీ చేనులో పదును ఉన్నిందా? చెట్టుకు ఎన్ని కాయలుండాయి?" అని అడిగి చూడండి. ఊడలంటే పూత తరువాత శనక్కాయ చెట్టు నుంచి నేలలోకి దిగి కాయ పట్టే కాడలు. ఆ ప్రశ్నలో అడిగినవాడికి విషయం తెలుసుననీ, వినే ఓపిక ఉందనీ రైతుకు అర్థమవుతుంది. "పాప బాగుందా?" అనే బదులు "పాప బెంగళూరులో గది మారిందన్నావే, కొత్త గది నుంచి ఆఫీసుకు ఎంతసేపు పడుతోంది?" అని అడగాలి. "అమ్మ ఆరోగ్యం ఎలా ఉంది?" అనడం కంటే "అత్త ఇప్పుడు పొద్దున్నే వాకిట్లోకి వచ్చి కూర్చుంటోందా?" అని అడగడం మేలు. ఇలా అడగాలంటే కిందటిసారి వాళ్ళు చెప్పింది గుర్తుండాలి. నాకు గుర్తుండదు కాబట్టి, అందరూ వెళ్ళిన రాత్రే ఒక నోటు పుస్తకంలో ఒక్కొక్కరి పేరు కింద రెండు ముక్కలు రాసుకుంటాను. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

ఒకరు చెబుతున్నప్పుడు మధ్యలో "మా ఇంట్లోనూ అంతే" అంటూ తమ కథలోకి లాక్కుపోయే అలవాటు మనలో చాలామందికి ఉంది. సానుభూతితోనే అంటాం, కానీ మాట చేతులు మారిపోతుంది. ఇంటివారు నెమ్మదిగా "ఉండప్పా, ఆయన ముగించనీ, నీది తరువాత విందాం" అని మాటను తిరిగి మొదటి మనిషికి అప్పగించాలి. ఆ మాట చెప్పే బాధ్యత ఒకరికి ముందుగానే ఇచ్చి ఉంచితే ఎవరూ నొచ్చుకోరు. మాలో ఆ పనిని వయసులో పెద్దదైన ఒక అక్క చేస్తుంది, ఆమె మాట ఎవరూ కాదనరు.

మంచి సమాచారాలకూ అదే గౌరవం ఇవ్వాలి. ఇల్లు కట్టుకున్నారు, కొడుకు పరీక్ష గట్టెక్కాడు, ఎండిన మల్లెతీగ మళ్ళీ చిగురించింది, అరవై ఏళ్ళకు ఈత నేర్చుకున్నారు. వింటున్నవాళ్ళలో ఒకరి పిల్లవాడు అదే పరీక్ష తప్పి ఉండవచ్చు కాబట్టి, మార్కులూ జీతాలూ అంకెలతో చెప్పుకోవద్దని మేము ఒక ఒప్పందం చేసుకున్నాం. "ఉద్యోగం వచ్చింది, సంతోషంగా ఉన్నాడు" అంటే చాలు. ఆ ఒప్పందం వల్ల సంతోషం తగ్గలేదు.

రాజకీయాలను నిషేధించమని చెప్పను. మన ప్రాంతంలో అది సాధ్యమూ కాదు. కానీ దానికి చోటు చివర ఇవ్వాలి. అందరి సంగతులూ అయ్యాక, మిగిలిన సమయంలో వాదించుకోవచ్చు. మొదట ఇస్తే ఏమవుతుందో పైన రాశాను. ఫోన్లను గదిలో ఒక బుట్టలో పెట్టడం మంచిదే, అయితే ఆసుపత్రిలోనో ఇంట్లోనో మనిషి ఉన్నవాళ్ళ ఫోన్ వాళ్ళ దగ్గరే ఉండాలి. మందు పెట్టుకోవద్దు. తాగిన తరువాత చెప్పిన కష్టాన్ని మరునాడు చెప్పినవాడే లేదంటాడు, విన్నవాడూ మరిచిపోతాడు.

బరువైన మాట వచ్చినప్పుడు

ఎవరైనా అప్పు గురించి, జబ్బు గురించి, ఇంట్లో పొసగని సంగతి గురించి నోరు విప్పితే, మొదట చేయవలసింది ఏమీ చేయకపోవడం. వెంటనే "ఫలానా డాక్టరు దగ్గరికి వెళ్ళు", "ఆ స్థలం అమ్మేయి" అని సలహాలు కురిపిస్తే, అతను ఇంకా చెప్పని మిగతా సగం లోపలే ఉండిపోతుంది. మొదట చెప్పేది ఎప్పుడూ తక్కువ బరువున్న సగమే. మా మిత్రుడు బోర్ల సంగతి చెప్పినప్పుడు మేము ఊరికే ఉన్నాం. కొంతసేపటికి ఆవుల సంగతి చెప్పాడు. ఇంకా ఊరికే ఉన్నాం. అప్పుడు అసలు మాట వచ్చింది: ఆ ఆవులను తోలుకుపోయిన రోజు నుంచి వాళ్ళమ్మ అతనితో మాట్లాడడం లేదు. నీళ్ళ గురించి మేము చేయగలిగింది ఏమీ లేదు. అమ్మ గురించి ఉంది. మరుసటి వారం ఆ పెద్దక్క వాళ్ళ ఊరికి వెళ్ళి, ఆమెతో ఒక పూట కూర్చుని వచ్చింది.

చెప్పడం పూర్తయిందని ఎలా తెలుస్తుందంటే, చెప్పినవాడు తలెత్తి చుట్టూ చూస్తాడు, లేదా నీళ్ళు అడుగుతాడు. అప్పుడు "ఇప్పుడు నీకు ఏం కావాలప్పా?" అని ఒక్క ప్రశ్న అడగండి. ఏమీ వద్దంటే నమ్మండి. డబ్బు సాయం మాట గుంపులో ఎత్తకూడదు. ఇవ్వాలనుకున్నవాళ్ళు తరువాత విడిగా, చేతనైనంతే, తిరిగి రాకపోయినా స్నేహం చెడనంతే ఇవ్వాలి. అక్కడ విన్నది ఇంట్లో భార్యకైనా భర్తకైనా చెప్పాలంటే, చెప్పినవారిని అడిగే చెప్పాలి. ఈ ఒక్క నియమం తప్పితే మరుసటి ఏడు ఎవరూ నోరు విప్పరు.

రాని వాళ్ళ గురించి కూడా మాట్లాడుకోవాలి, వాళ్ళ వెనుక మాట్లాడకూడదు. తేడా తెలుసుకోవడానికి సులువైన దారి ఉంది. ఆ మనిషికి అప్పుడే ఫోన్ కలిపి, అందరూ వినేలా పెట్టి, అదే మాట అనగలమా అని చూసుకోవాలి. అనగలిగితే మంచి మాటే. నిజంగానే ఫోన్ కలపండి కూడా. ఉప్పుశనక్కాయల వాసన తప్ప మిగిలినవన్నీ వాళ్ళకు అందుతాయి.

లేచి వెళ్ళేటప్పుడు

పదకొండుకు వదిలేస్తానని చెప్పి ఉంటే పదకొండుకే లేవాలి. ఇంకా మాటలు మిగిలి ఉన్నప్పుడే లేవడం మంచిది, మిగిలిన మాట ఇంకొక కలయికకు కారణం అవుతుంది. గిన్నెలు అందరూ కలిసి కడిగి, మిద్దె మీది పెంకులు ఊడ్చి వెళ్ళాలి.  బెంగళూరు వెళ్ళేవాళ్ళకు మిగిలిన ఉడికిన కాయలు కట్టి ఇవ్వవచ్చు, కానీ తడివి కనుక ఆ సాయంత్రానికే తినేయమని చెప్పండి.

ఆ తరువాత బుధవారం లోపల, ఎవరు బరువైన మాట చెప్పారో వాళ్ళకు ఒకరు ఫోన్ చేయాలి. చెప్పుకున్న మరునాడు మనిషికి ఎందుకు చెప్పానా అన్న బాధ కలుగుతుంది. ఆ విషయం ఎత్తనక్కర లేదు. "ఏమప్పా, కాయ కల్లానికి చేరిందా? మబ్బు పట్టింది, పట్టలు కప్పినారా?" అని అడిగితే చాలు, అతను చెప్పదలుచుకుంటే చెబుతాడు.